లాగా మాస్టారి పోలికల డబ్బా

ఆ బడిలో ఆయన అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ, చివరికి గేటు దగ్గర కూర్చునే కాపలా పెద్దాయనకీ ఆయన లాగా మాస్టారే. పద్యాలూ పాఠాలూ చెప్పే ఈ మాస్టారి దగ్గర ఎవరు ఏ మాటన్నా ఎదురుప్రశ్న ఒక్కటే వచ్చేది: "దేనిలాగా?" "ఎండగా ఉంది సార్." "దేనిలాగా?" "కడుపులో నొప్పి సార్." "దేనిలాగా?" ఒకసారి ఒక బుడ్డోడు రెండు కాళ్లూ మెలివేసుకుని "సార్, బాత్రూముకి..." అన్నప్పుడు కూడా ఆ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. వాడి అదృష్టం బాగుండి ముందు వాడి ముఖం చూశాడు కాబట్టి సరిపోయింది.

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, పాఠం చెప్పడంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. శుక్రవారం ఆఖరి పీరియడు ఎనిమిదో తరగతికి పోలికల పీరియడు. బల్ల మీద పాత బిస్కెట్ల డబ్బా ఒకటి పెట్టేవాడు. మూతకి చీటీ పట్టేంత చీలిక, పిల్లల వేళ్లు కోసుకోకుండా దాని అంచుకి గుడ్డ టేపు. బోర్డు మీద "ఈరోజు సెలవులో ఉన్నవారు" అని రాసి, కింద ఐదు మాటలు రాసేవాడు. చంద్రుడు, తామర, తేనె, ముత్యం, సింహం. "వీళ్లు వేల ఏళ్లుగా చాకిరీ చేసి అలిసిపోయారర్రా. ఈ ఒక్క పీరియడైనా పడుకోనివ్వండి" అనేవాడు. ఆ ఐదింటిలో ఏది వాడినా చీటీ చెల్లదు.

"కళ్లు మూసుకోండి. మీ ఇంట్లోకి వెళ్లండి. చేతికి ఏది తగిలితే అది పట్టుకురండి" అనేవాడు. పిల్లలు పట్టుకొచ్చేవాళ్లు కూడాను. తాతయ్య దగ్గు చలికాలంలో స్కూటరు స్టార్టవడం లాగా ఉంటుందని ఒకరు, లెక్కల పరీక్ష అంటే తడిసిన సాక్సు వేసుకోవడం లాగా అని ఇంకొకరు. ఉపమకీ రూపకానికీ తేడా చెప్పమంటే బల్ల దగ్గరికి ఇద్దర్ని పిలిచి పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టేవాడు. "లాగా అన్నంతసేపూ రెండు వస్తువులు ఇలా కూర్చుంటాయి. ఇప్పుడు లాగా తీసేద్దాం" అని ఒక కుర్చీ లాగేసేవాడు. ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కిసకిసలాడుతుంటే, "అదీ రూపకం" అనేవాడు. ఆ పాఠం ఒకసారి విన్నవాడు జన్మలో మర్చిపోడు.

చీటీకి ఇంకో నియమం ఉంది. పేరు రాయకూడదు. సిగ్గరి పిల్లలు కూడా రాయాలని ఆయనే పెట్టిన నియమం. ఎవరి చేతిరాతో గుర్తుపట్టినా పట్టనట్టే ఉంటానని, చదివేటప్పుడు ఎవరి వైపూ చూడనని పిల్లలకి మాటిచ్చాడు. ఆ మాట మీదే డబ్బా నడిచింది.

ఇంతకీ ఆయనకొక రహస్యం ఉంది. ఇరవై రెండేళ్లుగా అందరి చేతా పోలికలు కట్టించిన మనిషికి సొంతంగా ఒక్క పోలిక కట్టడం చేతకాలేదు. అట్ట వేసిన నోటుపుస్తకం ఒకటి కొని పెట్టుకున్నాడు. అందులో మూడు వాక్యాలున్నాయి, మూడూ కొట్టేసి ఉన్నాయి. భార్యకు తెలుసు. ఆవిడ ఆస్పత్రి మందుల కౌంటర్లో పనిచేస్తుంది, నోరు చురుకు. "పెళ్లయిన కొత్తలో నా ముఖం దేనిలా ఉందండీ అని అడిగాను. గంటసేపు ఎగాదిగా చూసి, ముఖంలాగే ఉంది అన్నారు. ఆ రోజే అర్థమైంది నా రాత" అని వచ్చినవాళ్ల ముందల్లా చెప్పేది. అందరితోపాటు ఆయనా నవ్వేవాడు. నవ్వాక లోపల ఎక్కడో చివుక్కుమనేది.

ఆ శుక్రవారం ఇచ్చిన విషయం కోపం. డబ్బా తెరిచి ఒక్కో చీటీ చదువుతున్నాడు. అత్తయ్య కోపం ప్రెషర్ కుక్కరు, తమ్ముడి కోపం చెప్పులో రాయి. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. తొమ్మిదో చీటీ విప్పాడు.

"మా నాన్న కోపం ఇస్త్రీపెట్టె లాంటిది. ప్లగ్గు పీకేశాక కూడా చాలాసేపు ముట్టుకోకూడదు."

నవ్వులు ఆగిపోయాయి. చేతిరాత ఎవరిదో చూడగానే తెలిసింది మాస్టారికి. తలకట్లన్నీ అక్షరానికి అంటకుండా విడిగా పెట్టే అలవాటు తరగతి మొత్తంలో ఒక్కరికే ఉంది, కిటికీ పక్క మూడో బెంచీ అమ్మాయికి. ఆమె పక్క గదిలో పాఠం చెబుతున్న లెక్కల మాస్టారి కూతురు. నియమం ప్రకారం ఆయన అటు చూడలేదు.

"శభాష్!" అన్నాడు గట్టిగా. "చూశారా? మంట లేదు, పొగ లేదు, ఎర్రటి కళ్లు లేవు. పైకి చూస్తే చల్లగా ఉన్నట్టే ఉంటుంది. చెయ్యి పెట్టావో, అయిపోయావు. ఎవరు రాశారో గానీ ఇన్నేళ్లలో ఈ డబ్బాలో పడ్డ అన్నిటికన్నా గొప్పది ఇదే." ఇరవై నిమిషాలు ఆ వాక్యాన్ని బోర్డు మీద పెట్టి విప్పి చూపించాడు. ప్లగ్గు అనే మాట ఎందుకు బాగుందో, ముట్టుకోకూడదు అని ఆపడంలో ఏముందో అన్నీ చెప్పాడు. అంత చెప్పినవాడికి ఆ ఇంట్లో ఎవరు కాలుతున్నారు అనే ప్రశ్న ఒక్కటి రాలేదు. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య ఆయన చొక్కాలే ఇస్త్రీ చేస్తోంది. ఆవిడ చేతిలో ఇస్త్రీపెట్టె చూడగానే ఆగలేకపోయాడు. "ఇది విను" అని గుమ్మంలో నిలబడే ఆ రెండు ముక్కలూ చెప్పాడు. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పెట్టెని నిలబెట్టి, ఆయన ముఖంలోకి చూసింది.

"ఇది మీరు రాశారా?"

"ఊఁ" అన్నాడు.

అంతే. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తర్వాత ఎన్నోసార్లు తనకు తాను అదే చెప్పుకున్నాడు, నేనేం అబద్ధమాడాను, ఊఁ అన్నాను అంతే కదా అని. ఊఁ అనేది మాట కాదట, చూశారా వేషం! పెదవి దాటితే పృథివి దాటుతుందని పిల్లలకి నేర్పే పెద్దమనిషే ఈయన. కానీ ఆవిడ ప్లగ్గు పీకేసి, వచ్చి పక్కన కూర్చుని, "ఇన్నాళ్లకండీ... ఇన్నాళ్లకి" అంటూ కళ్లొత్తుకుంటుంటే, కాదే, నాది కాదే అనడానికి నోరు పెగల్లేదు. రేపు చెబుదాం అనుకున్నాడు. రేపు ఆవిడ ఇంకా సంతోషంగా ఉంది.

రెండు నెలలు గడిచాయి. ఆవిడ ఆ వాక్యాన్ని తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఉపాధ్యాయుల మాసపత్రికకు పంపిందని ఆయనకి తెలియదు. చెప్పకుండా సంతోషపెట్టాలని ఆవిడ ముచ్చట. పత్రికవాళ్లు దాన్ని గళ్ల చట్రంలో పెద్ద అక్షరాలతో వేసి, కింద ఆయన పేరు, పక్కన పెళ్లి ఫొటోలోంచి కత్తిరించిన ముఖం వేశారు. పత్రిక నేరుగా బడికే వచ్చింది. హెడ్‌మాస్టరు గారు మహా సంబరపడిపోయి, లాగా మాస్టారికి కూడా చెప్పకుండా, పొద్దున్నే అందరూ వరసల్లో నిలబడి ఉండగా మైకు అందుకున్నారు.

"మన బడి గర్వించాల్సిన రోజిది" అని మొదలుపెట్టి ఆ వాక్యం చదివారు. రెండుసార్లు చదివారు. "రచయిత, మన లాగా మాస్టారు!"

ఎనిమిదో తరగతి వరసలో ముప్పైఆరుగురు పిల్లలు. ముప్పైఆరుగురూ ఆ శుక్రవారం ఆ చీటీ విన్నవాళ్లే. ఒకరొకరుగా తలలు ఆయన వైపు తిరిగాయి. ఎవరూ గుసగుసలాడలేదు, వేలు చూపించలేదు. ఊరికే చూశారు, అంతే. ఆ చూపుల కింద ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతున్నది ఎవరయ్యా అంటే, లెక్కల మాస్టారు. రెండు చేతులూ పైకెత్తి మరీ కొడుతున్నాడు. ఆ వరసలోనే ఉన్న అతని కూతురు చప్పట్లు కొడుతున్న ఆ చేతుల వంకే చూస్తోంది.

సిగ్గుపడటానికి అదే చాలు. కానీ ఒకసారి జారినవాడు మొదటి మెట్టు దగ్గరే ఆగుతాడా?

మధ్యాహ్నం స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు వీపు మీద ఒక్కటి చరిచి, "ఏం రాశారు మాస్టారూ! భలే రాశారు! ఇంతకీ ఆ నాన్న ఎవరు? మీ నాన్నగారేనా?" అని అడిగాడు. అతను బడిలో మంచి సరదా మనిషి. పిల్లలకి జేబులోంచి పిప్పరమెంట్లు తీసి పంచుతాడు, ఎవరింట్లో బల్బు మాడిపోయినా స్టూలు ఎక్కుతాడు. అతని ముఖంలో అనుమానం నీడ కూడా లేదు.

"ఆఁ... మా నాన్నే" అన్నాడు లాగా మాస్టారు.

"అంత కోపిష్టా?"

"అబ్బో, మీకేం తెలుసు. ఆయన వస్తున్నాడంటే ఇల్లంతా గజగజా వణికేది."

ఆ మాట అని తలెత్తేసరికి గుమ్మంలో ఆ అమ్మాయి ఉంది. సాయంత్రం ముందుగా ఇల్లు చేరేది తనే కాబట్టి ఇంటి తాళంచెవి కోసం ప్రతి మధ్యాహ్నం వస్తుంది. ఎప్పుడూ లోపలికి రాదు. గుమ్మం దగ్గరే ఆగి ముందు తండ్రి ముఖం చూస్తుంది, కాసేపు చూశాక "నాన్నా" అంటుంది. రెండేళ్లుగా రోజూ అది చూస్తూ, ఎంత బుద్ధిమంతురాలు, ఎంత క్రమశిక్షణ అని మెచ్చుకుంటున్నాడు ఈ మహానుభావుడు! ఈ రోజు ఆమె ముందు తండ్రిని చూసింది, తర్వాత మాస్టారిని చూసింది. తాళంచెవి తీసుకుని వెళ్లిపోయింది.

లాగా మాస్టారి నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఆయన దర్జీ. కోపం వస్తే కుట్టుమిషను ఆపి, సూదిలోంచి దారం తీసి, బయటికెళ్లి గ్లాసుడు నీళ్లు తాగొచ్చి, మళ్లీ దారం ఎక్కించుకునేవాడు. దారం ఎక్కేసరికి కోపం పోయేది. పోయి తొమ్మిదేళ్లయింది. వాక్యం ఒకటే కాజేద్దామనుకున్నాడు కొడుకు. దానితోపాటు వచ్చిన కోపిష్టి తండ్రిని తెచ్చి ఆ మంచి మనిషి మీద తొడిగేశాడు.

మూడో రోజు అక్క ఫోను చేసింది. పత్రిక ఆమె దాకా పోయింది మరి.

"ఒరేయ్, నాన్న కోపం ఇస్త్రీపెట్టెట్రా?" అంది. కోప్పడితే బాగుండేది. గొంతులో కోపం లేదు. "నీకు గుర్తులేదా? ఇస్త్రీ చేసేటప్పుడు మనం దగ్గరికొస్తామని తలుపు గడియ పెట్టుకుని చేసేవాడు. మన వేళ్లు కాలతాయని. ఆయన్ని అలా ఎందుకు రాశావురా?"

"అది... కవిత్వం అక్కా. నిజం కానక్కర్లేదు."

"నిజం కానక్కర్లేకపోతే మా నాన్న అని ఎందుకు రాయడం? ఎవరో నాన్న అని రాయొచ్చు కదా" అంది అక్క. ఆమె చదివింది ఏడో తరగతి. ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఆ ప్రశ్న ముందు నోరు తెరవలేకపోయింది.

శుక్రవారం వచ్చింది. డబ్బా పట్టుకుని తరగతికి వెళ్లాడు. బోర్డు మీద ఐదు మాటలూ రాశాడు. విషయం వాన అన్నాడు. పిల్లలు ఎన్నడూ లేనంత బుద్ధిగా రాసి, వరసలో వచ్చి, చీటీలు వేసి, వెళ్లి చేతులు కట్టుకుని కూర్చున్నారు. మొదటి చీటీ విప్పి చదివాడు.

"వాన తేనెలాగా ఉంది."

"ఎవరర్రా ఇది? తేనెకి సెలవు కదా" అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. రెండోది విప్పాడు. "వాన చినుకులు ముత్యాల్లాగా ఉన్నాయి." మూడోది, "వాన వస్తే తామరలాగా అందంగా ఉంటుంది." నాలుగోది చంద్రుడు. ఐదోది, "వాన సింహంలాగా వచ్చింది." ఆరు, ఏడు, ఎనిమిది. చంద్రుడు, తేనె, చంద్రుడు. మధ్యలో ఆపే ధైర్యం లేక చదువుతూనే ఉన్నాడు. ముప్పైఐదు చీటీల్లోనూ ఆ ఐదు మాటలే. ముప్పైఆరోది ఖాళీ కాగితం.

ఎవరు చెప్పారో, ఎప్పుడు కూడబలుక్కున్నారో తెలియదు. ఒక్క ఎదురుమాట లేదు, ఒక్క అల్లరి లేదు. సొంతవి ఇస్తే ఈయన ఎత్తుకుపోతాడు కాబట్టి ఎవరిదీ కానివి ఇచ్చారు. పదమూడేళ్ల పిల్లలు! దొంగా అని ముఖం మీద అన్నా ఇంత తగిలేది కాదు. గంట కొట్టారు. "థాంక్యూ సార్" అని అందరూ ఒక్క గొంతుతో చెప్పి వెళ్లిపోయారు. ఆయన డబ్బాకి మూత పెట్టబోతే మూత సరిగా కూర్చోలేదు, రెండుసార్లు కిందపడింది.

అప్పుడే చెప్పేద్దామనుకున్నాడు, హెడ్‌మాస్టరు గారి గదికి నాలుగడుగులు వేశాడు కూడా. ఆగిపోయాడు. ఎనిమిదో తరగతి పిల్లదని చెబితే, ఎవరి పిల్ల అంటారు. తండ్రి పక్క గదిలోనే ఉన్నాడు. తన పాపం కడుక్కోవడానికి ఆ పిల్లని వేడి పెట్టె కిందికి తోస్తాడా? చెప్పకపోతే దొంగ, చెబితే ఇంకా పెద్ద దుర్మార్గుడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఏటా పిల్లలకి సొంతవాక్యం రాయించేవాడు. ఈసారి వాక్యం ఆయనకే పడింది.

సోమవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి కొళాయి దగ్గర టిఫిను డబ్బా కడుక్కుంటోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆయన వెళ్లి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"అమ్మా, నీ చీటీ నేను కాజేశాను" అన్నాడు. ఇంకెలా మొదలుపెట్టాలో తెలియలేదు.

ఆమె కొళాయి కట్టేసింది. తలెత్తలేదు. "తెలుసు సార్."

"తప్పు చేశాను. అందరి ముందూ ఒప్పుకుంటాను. కానీ దానివల్ల ఇంట్లో నీకు..." రెండు నెలల కింద అడగాల్సిన ప్రశ్నని ఇప్పుడు అడిగాడు. "నాన్న కొడతారా అమ్మా?"

"కొట్టరు సార్. విసిరేస్తారు. చేతిలో ఏదుంటే అది. తర్వాత మామూలుగానే ఉంటారు, నవ్వుతారు కూడా. కానీ మేం దగ్గరికి వెళ్లం." డబ్బా తిరగేసి నీళ్లు దులిపింది. "ఇస్త్రీపెట్టె వేడి తగ్గిందో లేదో వేలు తడి చేసుకుని చూస్తారు కదా సార్, మా అమ్మ కూడా అలాగే చూస్తుంది. ముందు, మంచినీళ్లు కావాలా అని అడుగుతుంది. నాన్న ఎలా ఊఁ అంటారో విని, అప్పుడు మమ్మల్ని పిలుస్తుంది."

ఇంత చెప్పడానికి ఆ పిల్ల ఒక చీటీ రాసింది. పేరు ఉండదు కదా అని నమ్మి రాసింది. తనేమో ప్లగ్గు అనే మాట ఎంత బాగుందో చెప్పాడు.

"నన్నేం చెయ్యమంటావమ్మా?" అన్నాడు. అడుగుతుంటే తనే ఎనిమిదో తరగతి పిల్లాడినని అనిపించింది.

ఆమె ఆలోచించింది. "నా పేరు పెట్టొద్దు సార్. మీ పేరు మాత్రం తీసెయ్యండి."

"సరేనమ్మా. ఎప్పుడైనా భయమేస్తే చీటీలూ గీటీలూ వద్దు, నేరుగా నా దగ్గరికి రా. మా ఇంట్లో మీ ఆంటీ ఉంటుంది, అమ్మతో కూడా రావచ్చు." ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో ఆయనకి తెలియలేదు. నమ్మమని అడిగే ముఖం ఎక్కడిది ఆయనకి?

అన్నిటికన్నా కష్టమైనది ఇంటి గుమ్మం. పత్రికలోని ఆ పేజీకి అద్దాల చట్రం కట్టించి గోడకి పెట్టింది భార్య. దాని కిందే కూర్చుని చెప్పాడు. మొదట్నుంచీ చెప్పాడు, ఊఁ అన్న దగ్గర్నుంచి.

"కోపంగా ఉందా?" అన్నాడు చివరికి.

"ఊఁ" అంది ఆవిడ.

లేచి గోడమీది చట్రం దించి, అద్దం వెనక్కి తిప్పి బీరువా పక్కన ఆనించింది. కాసేపటికి కాగితం, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది. "పత్రికకి పంపింది నేను. కాబట్టి పోస్టులో వేసేది కూడా నేనే. రాయడం మాత్రం మీరు రాయండి. అక్కకి కూడా ఫోను చెయ్యండి. మామయ్యగారు నాకు బట్టలు కుట్టిపెట్టిన మనిషి. ఆయన గురించి అలా అన్నారంటే నేనూ నమ్మేశాను చూడండి. ఆ సిగ్గు నాకు కూడా ఉంది" అంది. ఆ రాత అయ్యేసరికి మూడు కాగితాలు చిరిగాయి. అక్క మాత్రం అంతా విని, "పోన్లే, నాన్న బతికిపోయాడు" అని ఒక్క ముక్కతో ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న ఆయనే వెళ్లి మైకు అందుకున్నాడు. "పత్రికలో వచ్చిన ఆ వాక్యం నాది కాదు. మా పోలికల డబ్బాలో పడ్డ చీటీ. నేను దొంగతనం చేశాను. ఆ వాక్యంలో ఉన్నది మా నాన్న కూడా కాదు. మా నాన్న చాలా మంచివాడు. చీటీల మీద పేర్లుండవు కాబట్టి రాసింది ఎవరని ఎవరూ అడగొద్దు. అడిగినా చెప్పను." మైకు కీచుమంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టేదేముంది గనక. హెడ్‌మాస్టరు గారు నేల చూపులు చూశారు.

స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు విరుచుకుపడ్డాడు. ముఖం జేవురించిపోయింది. "పిల్లల చీటీలు దొంగిలిస్తారా? మీకు సిగ్గులేదూ? నేను చప్పట్లు కొట్టాను మీకు!" అంటూ చేతిలో ఉన్న డస్టరు గోడకేసి కొట్టాడు. అది ఎగిరొచ్చి కుర్చీ కింద పడింది. గదంతా సుద్దపొడి. లాగా మాస్టారు తలవంచుకుని నిలబడి మొత్తం పడ్డాడు. ఎవరి పిల్ల అని మాత్రం అతను అడగలేదు.

రెండు గంటలు గడిచాక అతను మామూలుగానే ఉన్నాడు. ఎవరితోనో జోకు కూడా వేశాడు. "టీ తీసుకుంటారా మాస్టారూ?" అని లాగా మాస్టారు గ్లాసు పట్టుకెళ్లాడు. "అయ్యో, మీరెందుకండీ, అక్కడ పెట్టండి" అని నవ్వాడు అతను. ఆ నవ్వుకి ఈయన చెయ్యి తనంతట తానే వెనక్కి వచ్చేసింది. గ్లాసు బల్ల చివర పెట్టి దూరం జరిగాడు. తను అడిగిన ప్రశ్న ఏమిటో అప్పుడు వెలిగింది. మంచినీళ్లు కావాలా అన్నట్టే అడిగాడు. ఇరవై నిమిషాలు బోర్డు మీద విప్పి చెప్పిన వాక్యం ఆయనకి అర్థమైంది ఆ రోజే.

అప్పుడే గుమ్మంలో ఆ అమ్మాయి వచ్చి ఆగింది. తండ్రి ముఖం చూడబోయేలోగా లాగా మాస్టారు, "మాస్టారూ, అమ్మాయి తాళంచెవి కోసం వచ్చింది, ఇటివ్వండి" అని చెయ్యి చాపి, తనే తీసుకెళ్లి ఇచ్చాడు. అప్పట్నుంచి రోజూ ఆ పని ఆయనదే అయింది. చేసిన తప్పుకి అదేం సరిపోదని ఆయనకి తెలుసు.

శుక్రవారం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. పిల్లలకి కాగితాలు ఇవ్వలేదు. "ఈ రోజు చీటీ వేసేది నేను" అన్నాడు. జేబులోంచి ఒకటి తీసి డబ్బాలో వేసి, మళ్లీ తనే మూత తీసి, అందరికీ వినబడేలా చదివాడు.

"నాకు సిగ్గుగా ఉంది."

కింద తన పేరు రాసి ఉంది, హాజరు పుస్తకంలో ఉన్న పేరు. అదీ చదివాడు. పిల్లల్లో సగంమందికి ఆ పేరు కొత్త. కిటికీ పక్క మూడో బెంచీలోంచి, లేచి నిలబడకుండానే, ఒక గొంతు అడిగింది.

"దేనిలాగా సార్?"

ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. చీటీ చదివేటప్పుడు ఎవరి వైపూ చూడనని మాట ఇచ్చినవాడు, ఈసారి ఆ మాట తప్పి నేరుగా అటు చూశాడు. ఆ పిల్ల వెటకారం చెయ్యడం లేదు. నిజంగా జవాబు కోసం చూస్తోంది. ఆయన కళ్లు మూసుకున్నాడు, ఇంట్లోకి వెళ్లాడు, చేతికి ఏదైనా తగులుతుందేమోనని వెతికాడు. తిప్పి పెట్టిన చట్రం తగిలింది, అక్క గొంతు తగిలింది, బల్ల చివర టీ గ్లాసు తగిలింది. ఒక్కటీ పైకి రాలేదు.

"దొరకడం లేదమ్మా" అన్నాడు. "దేనిలాగానూ లేదు. సిగ్గుగానే ఉంది."



"అయితే అలాగే ఉంచండి సార్" అంది ఆమె.